వేళ్లు గ్లౌజులోనే ఉన్నాయి

ధన్.

ఎడమ చేత్తో రేకు పెడతావు. కాలితో పెడల్ నొక్కుతావు. పంచ్ దిగి లేస్తుంది. కుడి చేత్తో పీసు తీసి డబ్బాలో పడేస్తావు. మళ్లీ రేకు, మళ్లీ పెడల్, మళ్లీ ధన్. జీడిమెట్లలోని ఈ షెడ్డులో పొద్దుటి నుంచి ఇదే చప్పుడు. నీ చెవులు దాన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేశాయి. షిఫ్టు అయిపోయింది, ఇప్పుడు నడుస్తున్నది ఓటీ. నూనె వాసన, వేడెక్కిన ఇనుము వాసన, బయట ఎవరో తాగుతున్న బీడీ వాసన. మెడ మీద చెమట కారుతోంది. తుడుచుకుంటే లయ తప్పుతుందని తుడుచుకోవు.

డై ముందు ఉండాల్సిన జాలీ గార్డు గోడకు ఆనించి ఉంది. అది బిగిస్తే ఒక్కో పీసుకు కాసేపు ఎక్కువ పడుతుంది, సాయంత్రానికి లెక్క తగ్గుతుంది. అందుకే పండగ ఆర్డరప్పుడు తీసేశారు, పండగ పోయినా బిగించలేదు. పీసు తీయడానికి పట్టకారు ఉంది. అదీ చేతికందే దూరంలోనే, నూనె గుడ్డ కింద.

ఈ పీసు డైలో ఇరుక్కుంది. ఓ మూల పైకి లేచి ఉంది. పట్టకారు వెతకాలా, వేళ్లతో లాగేయాలా? దీనికి ఆలోచన కూడానా అనిపిస్తుంది.

వేళ్లు పెడతావు.

కాలు పెడల్ మీద లేదు.

పంచ్ దిగుతుంది.

చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చేస్తుంది. నొప్పి లేదు. చూస్తావు. తెల్ల గ్లౌజు. బొటనవేలు ఉంది. ఉంగరపు వేలు ఉంది. చిటికెన వేలు ఉంది. మధ్యవేలికి కొస లేదు. చూపుడువేలు సగానికి పైన లేదు. రక్తం కూడా లేదు. ఒక్క క్షణం.

తర్వాత వస్తుంది.

"కాలు తీసిన కదా!" నీ నోటి నుంచి వచ్చే మొదటి మాట ఇదే. అరుపు కాదు, ఫిర్యాదు.

తీశావు, నిజమే. "డబుల్ కొట్టిందిరా," అంటాడు పక్క మెషిన్ అన్న. ప్రెస్ మీద పెద్ద చక్రం ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. పెడల్ నొక్కితే క్లచ్‌లోని కీ దాన్ని షాఫ్టుకు తగిలిస్తుంది, ఒక దెబ్బ కాగానే విడిపిస్తుంది. కీ అరిగినా, స్ప్రింగు సడలినా ఒక్కోసారి విడవదు. అడగని దెబ్బ ఇంకొకటి పడుతుంది. చెయ్యి అడ్డొస్తే ఆగిపోయే సెన్సార్ ప్రెస్సులు వచ్చాయి కానీ, ఈ పాత కీ క్లచ్ మెషిన్లకు సెన్సార్ తగిలించినా లాభం లేదు. ఒకసారి దిగడం మొదలైతే మధ్యలో ఆగవు. వీటికి గార్డే దిక్కు. అది గోడకు ఆనించి ఉంది.

ఇప్పుడు మోచేతి దాకా కారుతోంది.

ఒకడు కాఫీ పొడి పొట్లం చింపుతూ ఉరికొస్తాడు. ఇంకొకడి చేతిలో బైండింగ్ వైరు. "మణికట్టుకాడ గట్టిగ కడితే ఆగుతది." వద్దు. నాలుక పిడచగట్టుకుపోయింది, అయినా నువ్వే చెప్పాలి. వైరు బిగిస్తే కింద నరాలు నలుగుతాయి. పొడి చల్లితే డాక్టరు దాన్ని గాయంలోంచి కడిగి తీయాల్సి వస్తుంది. శుభ్రమైన గుడ్డ చాలు. నొక్కు. ఇంకా గట్టిగా. "హాథ్ ఊపర్ భాయ్, ఊపర్!" బిహార్ కుర్రాడు నీ మోచేతిని తన భుజం మీదికి ఎత్తుకుంటాడు. గుడ్డ తడిసింది. తీయొద్దు. దాని మీదే ఇంకోటి. ఉంగరపు వేలికి రాగి ఉంగరం ఉంది. వాపొచ్చాక అది రాదు, కోయాలి. ఇప్పుడే తీయాలి. నూనె రాసి లాగేస్తాడు.

వేళ్లేవి?

మెయిన్ ఆపేశారు. చక్రం ఇంకా తిరుగుతోంది. సూపర్‌వైజర్ డైలోకి చెయ్యి పెట్టబోతాడు.

"ఆగు!"

ఆగుతాడు. చక్రం నిలిచేదాకా అందరూ నిలబడతారు. అప్పుడు తీస్తాడు, రెండు గ్లౌజు ముక్కలు. ఖాళీవి అనుకుని పక్కన పెట్టబోతాడు. బరువు తెలిసి ముఖం తెల్లబోతుంది. వేళ్లు గ్లౌజులోనే ఉన్నాయి.

"చెరుకురసం బండికాడ ఐసుంటది, అండ్ల ఏద్దాం." సగం సరైన మాట. ఐసు తెండి, కానీ వేలు ఐసుకు తగలకూడదు. తగిలితే మాంసం గడ్డకట్టి చచ్చిపోతుంది, ఇక దాన్ని అతికించినా ప్రాణం రాదు. నీళ్లలో నానేసినా పాడవుతుంది. ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో సెలైన్ ఉంటే దాంతో, లేకపోతే తాగే నీళ్లతో, గాజ్ గుడ్డను తడిపి పిండాలి. అందులో వేళ్లు చుట్టాలి. చుట్టింది ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ముడి వేయాలి. ఆ కవర్‌ను ఐసు ముక్కలు, నీళ్లు ఉన్న ఇంకో కవర్‌లో ఉంచాలి. రెండోది నలిగిపోయింది, ఎందుకు తీసుకెళ్లడం అంటాడు ఎవరో. తీసుకెళ్లాలి. ఏది పనికొస్తుందో చెప్పాల్సింది డాక్టరు. వేలు అతకకపోయినా దాని మీది చర్మం పక్క గాయానికి పనికి రావచ్చు.

ఆటో.

ఇప్పుడు నొప్పి వస్తుంది. వేలు ఉన్న చోట కాదు, వేలు లేని చోట. బాలానగర్ దగ్గర జామ్. నీ ఒళ్లో ఐసు కవర్, తొడ తడిసిపోతోంది. కుర్రాడు నీ చెయ్యి దించనివ్వడు. దారిలో చిన్న నర్సింగ్ హోమ్ కనిపిస్తే ఆపుతారు. డ్యూటీలో ఉన్న డాక్టరు గుడ్డ తీసి చూసి, టెటనస్ సూది వేసి, కొత్త కట్టు కడతాడు. "ఇక్కడైతే కొస సరిచేసి కుట్లేస్తాం, గంటలో ఇంటికి పోవచ్చు. అతికించాలంటే మైక్రోస్కోప్ ఉన్న ప్లాస్టిక్ సర్జరీ వాళ్ల దగ్గరికి పోవాలి." నిజాయితీపరుడు. అందరూ రెండో మాట చెప్పరు.

గంటలో ఇంటికి. ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో! చెయ్యి నీది, చెప్పు.

"పోదాం," అంటావు.

ఫతేనగర్ బ్రిడ్జి మీద బండ్లు కదలవు. ఆలస్యమైతే వేలు చచ్చిపోదా? నీకు ఆ ప్రశ్న రాకుండా ఎలా ఉంటుంది? వేలిలో కండ లేదు. వంచే, చాచే కండలన్నీ ముంజేతిలో, అరచేతిలో ఉంటాయి, వేలిలోకి వచ్చేవి వాటి తాళ్లే. రక్తం అందకపోతే ముందు చచ్చేది కండ. అందుకే చెయ్యి మోచేతి దగ్గర తెగితే ఆరు గంటల లోపే ఆదరాబాదరా. వేలు అలా కాదు, వెచ్చగా ఉన్నా పన్నెండు గంటల దాకా, ఇలా చల్లగా ఉంచితే 24 గంటల దాకా ఓర్చుకుంటుంది. నీ ఒళ్లోని కవర్ నీకు టైము కొనిపెడుతోంది.

ఫోన్ మోగుతుంది. సూపర్‌వైజర్ స్పీకర్ ఆన్ చేసి నీ చెవి దగ్గర పెడతాడు. సేఠ్. గొంతులో నిజంగానే బాధ ఉంది. "తమ్మీ, ఖర్చంతా నాది. ఒక్కటే మాట, ఆస్పత్రిల మాత్రం ఇంట్ల తలుపుల పడ్డదని చెప్పు. కేసు అయితే షెడ్డు మూస్తరు, అందరి అన్నం పోతది."

కుర్రాడు నీ వైపు చూడడు. సూపర్‌వైజర్ కూడా.

క్యాజువాలిటీలో తెల్లకోటు అమ్మాయి పెన్ను పట్టుకుని అడుగుతుంది. "ఎట్ల అయింది? ఎక్కడ?"

ఖర్చు పెడతానన్న మనిషి ఈ రాత్రికి ఉంటాడు. వచ్చే ఏడు? ఈ కాగితం మీద రాసిందే రేపు ఈఎస్‌ఐ చూస్తుంది, లేబర్ ఆఫీసు చూస్తుంది, కోర్టు చూస్తుంది. "ఇంట్లో" అని ఒక్కసారి పడితే అది చెరిపించడం వేలు అతికించడం కంటే కష్టం. ఈ రోజు మొత్తంలో నీకు అన్నిటికంటే తక్కువ సమయం దొరికిన నిర్ణయం ఇదే. మిగతా వాటికి డాక్టర్లున్నారు, దీనికి లేరు.

"కంపెనీల. ప్రెస్ మెషిన్ మీద."

రాసుకుంటుంది.

ఎక్స్-రే చేతికి ఒకటి, కవర్‌లోని ముక్కలకు ఒకటి. నీ వేళ్లు నీ పక్కనే వేరే ప్లేటు మీద ఫొటో దిగుతున్నాయి. సర్జన్ వస్తాడు. నలభై దాటి ఉంటాయి, కళ్లకింద నలుపు. స్టూల్ లాక్కుని నీ ఎత్తుకు కూర్చుంటాడు.

"చూపుడువేలు నలిగిపోయింది. రక్తనాళాలు చితికినయ్. అది అతకదు, కొస మంచిగ మూస్తా. మధ్యవేలు చివరి కణుపు కాడ సాఫ్‌గా తెగింది. ప్రయత్నం చెయ్యొచ్చు. చెయ్యకపోయినా తప్పు లేదు."

చెయ్యకపోయినా తప్పు లేదా? అదేం మాట?

చెబుతాడు. బొటనవేలు తెగితే ఎవరూ అడగరు, అతికించడానికే చూస్తారు, అది లేకపోతే చేతికి పట్టే లేదు. చిన్నపిల్లల వేళ్లయినా, ఒకేసారి చాలా వేళ్లు పోయినా అంతే. ఒక్క వేలు కొస దగ్గరికొచ్చేసరికి లెక్క మారుతుంది. అతికిస్తే నాలుగైదు గంటల ఆపరేషన్, ఆస్పత్రిలో పడక, నెలల తరబడి వ్యాయామం, చివరికి బిగుసుకుపోయిన వేలు మిగలొచ్చు. అతికించింది నిలవకపోవచ్చు. మూసేస్తే కొన్ని వారాల్లో పనికి పోవచ్చు. వంగని వేలు మిగతా వాటికి అడ్డమొస్తుంది, మంచిగా మూసిన మొండి వేలు అడ్డం రాదు.

ఈ మాట నీకు రుచించదు. ఆస్పత్రి బయట బెంచీల మీద కూర్చున్న ఎవరికీ రుచించదు. మనం వేళ్లు లెక్కపెట్టుకుంటాం, ఈయన చెయ్యి చేసే పని లెక్కపెడుతున్నాడు. ఆయన లెక్కే సరైనదని నేనంటాను. కానీ స్ట్రెచర్ మీద ఉన్నది నేను కాదు, నువ్వు.

"అతికించండి సార్."

తల ఊపుతాడు. వాదించడు.

చంక దగ్గర సూది. మోచేతి నుంచి కింద చెయ్యి నీది కాకుండా పోతుంది. మెలకువగానే ఉంటావు. ఆకుపచ్చ గుడ్డ అవతల ఏం జరుగుతోందో కనిపించదు, వినిపిస్తుంది. సన్నని డ్రిల్లు. ఎముకను కొంచెం పొట్టి చేసి లోపల తీగ గుచ్చుతున్నారు. పొట్టి చేయకపోతే నాళాల కొసలు ఒకదానికొకటి అందవు. తర్వాత తాళ్లు. తర్వాత ధమని. ఇక్కడ గదిలో మాటలు ఆగిపోతాయి. ఈ చివరి కణుపు దగ్గర నాళం మిల్లీమీటరు కూడా ఉండదు, దాన్ని కుట్టే దారం తల వెంట్రుక కంటే సన్నం, చేత్తో పట్టుకుంటే కంటికి ఆనదు. సర్జన్, ఆయన అసిస్టెంటు ఇద్దరూ మైక్రోస్కోప్‌కి కళ్లు ఆనించి, ఊపిరి కూడా లెక్క చూసుకుని వదులుతున్నారు.

"ఇది అయ్యేదేనా సార్?" ఉండబట్టలేక అడుగుతావు.

"1965ల జపాన్‌ల నారాల కొమత్సు, తమాయ్ అని ఇద్దరు డాక్టర్లు పూర్తిగా తెగిన బొటనవేలు అతికించిన్రు. అప్పటినుంచి అయితనే ఉంది." సూది తీసుకుంటాడు. "ప్రతిసారి కాదు."

క్లిప్ వదులుతారు. ఎవరో మెల్లగా అంటారు. "గులాబీ రంగు వచ్చింది."

ఏడుస్తావు. ఎవరూ ఏమీ అనరు.

వార్డు. నీ చేతి మీద పగలూ రాత్రీ వెలిగే బల్బు, వెచ్చదనం కోసం. టీ లేదు, కాఫీ లేదు. బీడీ కాదు కదా, బీడీ తాగొచ్చినవాణ్ణి కూడా మంచం దగ్గరికి రానివ్వరు. పొగ ఆ సన్నని నాళాన్ని బిగించేస్తుంది. గంట గంటకూ నర్సమ్మ వస్తుంది. రంగు చూస్తుంది. గోరు నొక్కి వదిలి, ఎరుపు ఎంతసేపట్లో తిరిగొస్తుందో చూస్తుంది. సూదితో గుచ్చుతుంది. ఎర్రటి బొట్టు వస్తే నీ వైపు తిరిగి నవ్వుతుంది.

నిద్ర రాని రాత్రి ఎడమ చేత్తో ఫోన్ తీసి, వేళ్లు పోయినవాళ్ల గురించి వెతుకుతావు. పార్థివ్ పటేల్ ఆరేళ్లప్పుడు తలుపులో పడి ఎడమ చిటికెన వేలు పోగొట్టుకుని, తొమ్మిది వేళ్లతో 2002లో ఇండియా వికెట్ల వెనుక నిలబడ్డాడు. టోనీ అయోమీ అనే ఇంగ్లండ్ గిటార్ వాయిద్యకారుడిది అచ్చం నీ కథే. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీ, ప్రెస్, 1965, కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు పోయాయి. ఆ రోజు అతనికి అక్కడ పనిలో చివరి రోజు. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకుని, తర్వాత ప్రపంచమంతా వాయించాడు. చదివి ఫోన్ బోర్లా పెట్టేస్తావు. వాళ్లకు పేరొచ్చింది, నీకు రేపు పొద్దున ఈఎంఐ ఉంది.

మూడో రాత్రి నర్సమ్మ నవ్వదు.

గుచ్చుతుంది. నల్లటి రక్తం. గోరు ఊదారంగు. డాక్టర్ని పిలుస్తుంది. రక్తం లోపలికి పోతోంది, బయటికి రావడం లేదు. సిర మూసుకుంది. గోరు తీసేసి అక్కడి నుంచి కారనిస్తారు. చాలడం లేదు. గాజు సీసా తెస్తారు.

జలగ.

ఎడ్లబావి దగ్గర కాలికి పట్టి చిన్నప్పుడు నువ్వు కెవ్వుమన్నదే. ఇప్పుడు నీ వేలికి కావాలని పట్టిస్తున్నారు. నొప్పి లేదు, అక్కడ నరం ఇంకా మొలవలేదు. రక్తం తాగి, ఉబ్బి, దానంతట అదే ఊడిపోతుంది. దాని లాలాజలంలో రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం ఉంది, అది ఊడినా గాయం గంటల తరబడి కారుతూనే ఉంటుంది. ఆ కారడమే కావాలి. కొత్త సిరలు దారి చేసుకునేదాకా.

వేలు రంగు తేలుతుంది. మళ్లీ ముదురుతుంది. ఇంకో జలగ. ఇంకొకటి.

అయిదో రోజు గుచ్చితే ఏమీ రాదు.

మళ్లీ గుచ్చుతారు.

రాదు.

చల్లగా ఉంది. నల్లగా ఉంది. సర్జన్ అదే స్టూల్ లాక్కుంటాడు. "పోయింది. తీసేద్దాం, ఇన్‌ఫెక్షన్ రాకముందే." అనుమతి కాగితం ఇస్తారు. కుడి చెయ్యి కట్లలో ఉంది, ఎడమ బొటనవేలు ముద్ర వేస్తావు.

తర్వాతి వారాలు తొందరగా పోతాయి. కుట్లు తీస్తారు, వాపు దిగుతుంది. వింతల్లా ఇంటికొచ్చాక మొదలవుతుంది. లేని చూపుడువేలు దురద పెడుతుంది. గోకడానికి చెయ్యి పోతుంది, గాలిని గోకుతుంది. పిచ్చి కాదు. మెదడులో ఆ వేలికి కేటాయించిన చోటు అలాగే ఉంది. ఫిజియోథెరపీలో నీ ముందు అద్దం నిలబెడతారు. ఎడమ చెయ్యి అద్దంలో కుడి చెయ్యిలా, అయిదు వేళ్లతో కనిపిస్తుంది. రెండూ కలిపి ముడుస్తావు, చాస్తావు. మన విలయనూరు రామచంద్రన్ 1990లలో అమెరికాలో ఈ అద్దం ఉపాయాన్ని పరిచయం చేశాడు. కొందరికి బాగా పనిచేస్తుంది. నీకు దురద తగ్గుతుంది, పోదు.

మొండి కొసకు దుప్పటి తగిలినా కరెంటు కొట్టినట్టు ఉంటుంది. తెగిన నరం కొస అక్కడ ఉండకట్టుకుంటోంది. అందుకే రోజూ ముందు దూదితో, తర్వాత టవల్‌తో రుద్దాలి. తర్వాత గిన్నెడు బియ్యంలో, పెసల్లో చెయ్యి ముంచి తిప్పాలి. నీ భార్య ఆ పెసలు విడిగా డబ్బాలో పెట్టి పైన నీ పేరు రాస్తుంది, కూరలో పడకుండా. డిసెంబరు పొద్దున బండి మీద పోతుంటే చలికి కొసలు సలుపుతాయి. ఇది ఏళ్లపాటు ఉండొచ్చంటారు.

అన్నిటికంటే అన్నం ఏడిపిస్తుంది. ముద్ద కలుపుతావు, పప్పు బాగానే కలుస్తుంది, నోటి దాకా ఎత్తేసరికి చూపుడువేలు ఉన్న సందులోంచి మెతుకులు జారిపోతాయి. చొక్కా మీద పడతాయి. పెళ్లి విందులో పక్కవాళ్లు చూసీ చూడనట్టు చూస్తారు. చెంచాతో తింటావా, ఇంట్లోనే తింటావా? కొన్నాళ్లు పెళ్లిళ్లకే పోవు. తర్వాత ముద్దను బొటనవేలికి, ఉంగరపు వేలికి మధ్యకు జరపడం చేతికే వచ్చేస్తుంది. ఎవరూ నేర్పలేదు. చూపుడువేలు పోతే పక్క వేళ్లు దాని పని లాక్కుంటాయని సర్జన్ అప్పుడే చెప్పాడు. గట్టిగా పట్టేది ఉంగరపు వేలు, చిటికెన వేలు. అవి రెండూ నీకు దక్కాయి, సుత్తి పిడి జారదు. బొత్తాలు, చిల్లర, సూదిలో దారం మాత్రం ఇప్పటికీ గొడవే. సిలికాన్ వేలు చూపించారు. గోరుతో సహా అచ్చు నీ రంగే. పట్టుకోవడానికి పనికి రాదు, చూడటానికి మాత్రమే. ధర విని దాని పెట్టె మూత నువ్వే పెట్టేస్తావు.

మెడికల్ బోర్డు రోజు. బెంచీ మీద నీ వరుసలో అందరూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు, అన్నీ పూర్తి చేతులు కావు. వేళ్లకు రేటు పట్టిక ఉంది. 1923 నాటి నష్టపరిహార చట్టం షెడ్యూలు లెక్కే ఈఎస్‌ఐలోనూ నడిచింది. బొటనవేలు 30 శాతం. చూపుడువేలు మొత్తం పోతే 14, రెండు కణుపులు పోతే 11. మధ్యవేలు మొత్తం 12, ఒక కణుపు 7. ఉంగరపు వేలయినా చిటికెన వేలయినా 7. నీది 11కి 7, పద్దెనిమిది. నీ జీతం 16,000 అనుకుందాం. ఈఎస్‌ఐ లెక్కకు అందులో 90 శాతం, 14,400. దానిలో పద్దెనిమిది శాతం 2,592. నెలకు అంత, నువ్వు బతికున్నంతకాలం. ఆ రోజు పెన్ను పట్టుకున్న అమ్మాయికి "ఇంట్లో" అని చెప్పి ఉంటే ఈ బెంచీ మీద నీకు చోటే లేదు.

పక్కనున్న పెద్దమనిషి నీ చెయ్యి చూసి అంటాడు. "నాది చిటికెన వేలే. నీది నయం, ఎక్కువొస్తది."

ఇద్దరూ నవ్వుతారు. పాపం లేదు.

సేఠ్ మనిషిని పంపించాడు. షెడ్డులోనే, ప్యాకింగ్‌లో పని. ప్రెస్సులకు గార్డులు బిగించారట. పోవాలా, వద్దా అని ఇంట్లో మూడు రాత్రులు మాట్లాడుకుంటారు. పోతావు. మొదటి రోజు ప్రతి ధన్‌కీ నీ భుజం ఎగిరిపడుతుంది. టేపు చింపడం నేర్చుకుంటావు.

నెల మొదట్లో రేషన్ షాపు. సన్నబియ్యం వచ్చింది, లైను రోడ్డు దాకా ఉంది. డీలరు తలెత్తకుండా మెషిన్ ముందుకు తోస్తాడు.

"ఏలు పెట్టు."

ఎప్పుడూ పెట్టేది కుడి చూపుడువేలే. చెయ్యి చూపిస్తావు. తలెత్తుతాడు. చటుక్కున దించుకుంటాడు. "ఎడమది పెట్టన్నా." పెడతావు. ఎర్ర లైటు. ఏళ్ల తరబడి రేకులు పట్టి ఆ వేలి గీతలు అరిగిపోయాయి. ఉన్నదాన్ని మెషిన్ ఒప్పుకోదు. బొటనవేలు. ఎర్ర లైటు. వెనక లైనులో గొణుగుడు మొదలవుతుంది. డీలరు డ్రాయరులోంచి ఇంకో పరికరం తీసి తుడుస్తాడు. "కన్ను పెట్టు. రెప్ప కొట్టకు." పచ్చ లైటు. "ఆధార్ సెంటర్‌కు పోయి ఏళ్లు లేవని రాపిచ్చుకో, ప్రతిసారి ఈ తంటా ఉండదు."

బియ్యం పోస్తున్నాడు. నీ చెయ్యి వైపు చూడకూడదన్న మొహమాటంలో కాంటా వైపూ చూడటం లేదు. నువ్వు చూస్తున్నావు. జేబులో ఉన్న కుడి చెయ్యి బయటికి తీసి అంకెల వైపు చూపిస్తావు.

"అన్నా, అరకిలో తక్కువుంది. ఇంకింత పొయ్యి."